నాలుగు సీజన్ల జాకెట్

జులై 6

రాణిగంజ్. ఒకే కొట్లో టార్పాలిన్లు, గమ్‌బూట్లు, వెల్డింగ్ కళ్లద్దాలు, తాళ్లు. బండి మీద దూరం వెళ్లడానికి జాకెట్ కావాలన్నా. పసుపు రెయిన్‌కోటు, ప్యాంటు తీసి బల్ల మీద పరిచాడు. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర ప్యాడ్లు ఉండాలన్నా.

"కింద పడే ప్రోగ్రామ్ ఏమైనా ఉందా సార్?"

లేదన్నా.

"మరింకెందుకు?"

రెయిన్‌కోటు కొనుక్కుని వచ్చేశా.

జులై 9

పాత తోలు జాకెట్ అటక మీంచి దింపా. కాలరు మీద ఆకుపచ్చ బూజు, వీపు మీద తెల్లది. రోడ్డు మీద రాపిడికి తట్టుకోవడంలో తోలుకి సాటి లేదంటారు. నిజమే. వానాకాలం అటకెక్కిస్తే తోలు మళ్లీ జీవం పోసుకుంటుందని మాత్రం ఎవరూ చెప్పరు.

మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని: "బాల్కనీ దాటి లోపలికి తేకండి దాన్ని."

జులై 10

పావురాలకి నచ్చింది.

జులై 13

మోటార్‌సైకిల్ తోలు జాకెట్‌కి జిప్పు పెట్టినవాడు న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్. 1928. ధర అయిదున్నర డాలర్లు. పేరు పర్ఫెక్టో. ఆయన కాల్చే చుట్ట పేరు అది. అంతకుముందు గుండీలు. గుండీల సందుల్లోంచి గాలి.

ఇప్పుడు ఆ గాలి కోసమే జల్లెడ జాకెట్. పదివేలు.

జులై 20

మాదాపూర్‌లో షోరూమ్. ఏసీ. పాటలు. కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. తొడిగాడు.

"ఇది ఫోర్ సీజన్స్ సార్."

"మనకున్నవి మూడే కదా."

"నాలుగోది ఫ్రీ అనుకోండి."

పైన జాకెట్. లోపల జిప్పుతో తగిలించే పొరలు రెండు. ఒకటి చలికి, ఒకటి వానకి. రెండూ తీసేస్తే ఎండకి. ఇక్కడో చిక్కు. వాన పొర ఉండేది లోపల. అంటే చినుకు పడగానే బండి ఆపి, జాకెట్ విప్పి, వానలో నిలబడి లోపల జిప్పు ఎక్కించుకుని, మళ్లీ తొడుక్కోవాలి. పైగుడ్డ ఎలాగూ నీళ్లు తాగుతుంది. తాగినంతా మోయాలి.

అడిగా.

"వాన రాకముందే వేసుకోవాలి సార్."

అదే రోజు, ఇంకాస్త

నిలబడి చూస్తే మోచేతి ప్యాడ్ మోచేతి మీదే ఉంది. చేతులు ముందుకి చాపితే పక్కకి తిరిగింది. మణికట్టు బయటపడింది. అద్దం ముందు నిలబడి చూసుకునే బట్ట కాదిది, కూర్చుని చూసుకోవాలి. షోరూమ్‌లో బండి లేదు. కుర్రాడు ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేశాడు. ఎక్కి కూర్చున్నా. లేని హ్యాండిల్ పట్టుకున్నా. మోకాళ్లు మడిచా. ఎడమకి వంగా, కుడికి వంగా. వాళ్ల నాన్నతో వచ్చిన చిన్నపిల్ల, నాలుగేళ్లుంటాయి, ఎదురుగా వచ్చి నిలబడింది. కాసేపు ఓపిక పట్టింది.

"బుర్ర్ర్" అంది. నా తరఫున.

వీపు ప్యాడ్ తీసి చూపించమన్నా. పల్చటి ఫోము. గాజు గ్లాసుల పార్సిల్లో కుక్కే రకం. "అది ఊరికే అలా ఉంటుంది సార్. అసలుది విడిగా కొనుక్కోవాలి." అంటే వీపు ప్రస్తుతం ఖాళీ స్థలం.

జులై 21

లేబుల్ చదవడం నేర్చుకుంటున్నా. బండి మీద మనిషి బొమ్మ. పక్కన ఈఎన్ 17092. 2020 నుంచి యూరప్‌లో నడుస్తున్న లెక్క. గుడ్డ ముక్కల్ని తిరిగే యంత్రానికి బిగించి, వేగం అందుకున్నాక కాంక్రీటు పలక మీదకి వదులుతారు. ఆగేలోపు చిల్లు పడకపోతే పాసు. భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి ముందుగా నేలకి తగిలే చోట్ల గుడ్డకి ట్రిపుల్ ఏ కావాలంటే గంటకి 120 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలి. డబుల్ ఏకి 70. సింగిల్ ఏకి 45.

బి అంటే రాపిడికి సింగిల్ ఏ పాటిదే, ప్యాడ్లుండవు. సి అంటే ప్యాడ్లే, గుడ్డని నమ్ముకోకూడదు.

షోరూమ్ జాకెట్ సింగిల్ ఏ. "ఏ గ్రేడ్ సార్" అన్నాడు కుర్రాడు. అబద్ధమేమీ కాదు.

జులై 27

ప్యాడ్లకి వేరే లెక్క. ఈఎన్ 1621. కింద ప్యాడ్ పెట్టి పైనుంచి బరువు పడేస్తారు. అవతలికి ఎంత దెబ్బ దాటిందో కొలుస్తారు. మోచేతికి, మోకాలికి లెవెల్ 1 అయితే సగటున 35 కిలోన్యూటన్ల దాకా దాటొచ్చు. లెవెల్ 2 అయితే 20. వీపుకి 18, 9.

రాత్రి భోజనాల దగ్గర చెప్పా.

"అస్సలు దాటనిది లేదా?"

లేదు.

"మజ్జిగ వేసుకోండి."

ఆగస్టు 3

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద. వాన. ఫ్లైఓవర్ నీడ ఎంత మేరకుందో అంత మేర బళ్లు. వెనక కార్లు హారన్లు. పక్కన ఫుడ్ డెలివరీ కుర్రాడు. వీపు బ్యాగుకి ప్లాస్టిక్ తొడుగు ఉంది. అతనికి లేదు. టీషర్టు ఒంటికి అంటుకుపోయింది.

బ్యాగు కవరు చూపించి, నీకేదీ అన్నా.

"అది కంపెనీ ఇచ్చింది అన్నా."

ఫోన్ మాత్రం పాల ప్యాకెట్ల కవర్లో. వేలితో కవరు పైనుంచే నొక్కుతున్నాడు. పనిచేస్తోంది. వెళ్లిపోయాడు. తడవనివాళ్లం అక్కడే ఉన్నాం.

ఆగస్టు 10

రాణిగంజ్ రెయిన్‌కోటుకి పరీక్ష. అపార్ట్‌మెంట్ సెల్లారు. బండి మీద కూర్చున్నా, హెల్మెట్‌తో సహా. వాచ్‌మన్ కార్లు కడిగే పైపు పట్టుకున్నాడు. మొదట మొహమాటంగా కొట్టాడు. గట్టిగా కొట్టమన్నా. ఎదురుగా, ఛాతీ మీదకి. అలా వచ్చేదే బండి మీద వాన. పైనుంచి పడదు, ముందునుంచి కొడుతుంది.

నాలుగో అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టారు లిఫ్ట్‌లోంచి దిగారు. చూశారు. మళ్లీ లిఫ్ట్ ఎక్కారు.

"సార్, ఇంకా కొట్టమంటారా?"

ఇంకో అయిదు నిమిషాలు.

ఫలితం: ఛాతీ పొడి. భుజాలు పొడి. ఎడమ మణికట్టు తడి. మెడ వెనక కొంచెం. ఒళ్లో చెరువు. కూర్చున్న మనిషి ఒడిలోకి జాకెట్ మీది నీళ్లన్నీ జారి చేరతాయి. ప్యాంటులో నాలుగు కుట్లు కలిసే చోటు సరిగ్గా అక్కడే. లోపలికి దారి కూడా అదే.

ఆవిడ తలుపు తీసి ప్యాంటు వైపు చూసింది. ఏమీ అడగలేదు.

ఆగస్టు 11

గుడ్డ మీద 10,000 అని రాసుంటే పది వేల మిల్లీమీటర్ల నీటి స్తంభం నిలబెట్టినా కారదని. పది మీటర్లు. మూడంతస్తుల ఎత్తు నీళ్లు. గుడ్డ ఆపుతుంది. సూది చేసిన చిల్లు ఆపదు. అందుకే కుట్ల మీద లోపల్నుంచి టేపు ఉందో లేదో చూడాలి. రాణిగంజ్ ప్యాంటుకి టేపు ఉంది. సరిగ్గా ఆ నాలుగు కుట్ల కూడలి దగ్గర తప్ప.

కాలనీ టైలర్‌ని అడిగా, అక్కడో ముక్క అతికిస్తావా అని. ప్యాంటు తిరగేసి చూశాడు.

"ఎవరికి సార్ ఇది, పాపకా?"

ఆగస్టు 17

రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి తడవని కోటు కుట్టించినవాడు స్కాట్లాండ్ మనిషి ఛార్లెస్ మెకింటాష్. 1823. ఎండకి జిగురయ్యేది, చలికి బిర్రబిగిసేది, కంపు కొట్టేది. మన దేశంలో డక్‌బ్యాక్, కలకత్తా, సురేంద్ర మోహన్ బోస్, 1920. నాన్నకి ఉండేది. నల్లది. మడత పెట్టేముందు లోపల టాల్కం పౌడర్ చల్లేవాడు. స్కూటర్ మీద ఆయన వెనక కూర్చుంటే వాన, పాండ్స్, రబ్బరు కలిసిన వాసన.

రాణిగంజ్ కోటుకి ఏ వాసనా లేదు.

ఆగస్టు 24

మినియాపొలిస్ నుంచి బావమరిది ఫోన్. వాళ్ల రాష్ట్రంలోనే, డులూత్ అనే ఊళ్లో, ఏరోస్టిచ్ వాళ్లున్నారట. 1983 నుంచి ఒకే ముక్క సూటు కుడుతున్నారు. మెడ దగ్గర్నుంచి మడమ దాకా ఒకటే జిప్పు. ఆఫీసు బట్టల మీద వేసుకోవడం, ఆఫీసులో విప్పి కొక్కేనికి తగిలించడం.

"తెచ్చేస్తా బావా, సైజు చెప్పు."

బ్యాంకులోకి ఆ వేషంతో వెళ్తే సెక్యూరిటీ గార్డు ముందు తుపాకి తీస్తాడు, తర్వాత నమస్తే పెడతాడు. ధర చెప్పాడు. డాలర్లలో. రూపాయల్లోకి మార్చా. నెట్‌వర్క్ సరిగ్గా లేదన్నా.

సెప్టెంబర్ 2

1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీలు వేడిచేసి మెల్లగా సాగదీస్తున్నాడు. తెగిపోతున్నాయి. విసుగొచ్చి ఒకటి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తెగలేదు. ఎన్నో రెట్లు సాగింది. అదే గోర్‌టెక్స్. నీటి బొట్టు దూరలేనంత, ఆవిరి దూరిపోయేంత సన్నటి రంధ్రాలు. 1976 నుంచి అమ్మకం.

షరతు ఒకటుంది. ఆవిరి లోపల్నుంచి బయటికి పోవాలంటే బయట లోపలికంటే పొడిగా ఉండాలి. నవంబర్లో ముసురు పట్టిన రాజమండ్రిని బాబ్ గోర్ చూసి ఉండడు.

సెప్టెంబర్ 7

1935 మే. లారెన్స్ ఆఫ్ అరేబియా, బ్రఫ్ సుపీరియర్ బండి, ముందు సైకిళ్ల మీద ఇద్దరు పిల్లలు. హెల్మెట్ లేదు. ఆరు రోజులకి పోయాడు. చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకడు. ఆయన దాన్ని వదల్లేదు. సైన్యంలో బండి మీద ఉత్తరాలు మోసేవాళ్ల తలలు లెక్కగట్టి 1941లో పేపరు రాశాడు. సైన్యం హెల్మెట్ పెట్టింది.

మన దగ్గర 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు.

సాయంత్రం రోడ్డు పక్కన గొడుగు కింద హెల్మెట్లు. ఐఎస్ఐ స్టిక్కర్లు షీటు షీటుగా విడిగా ఉన్నాయి.

సెప్టెంబర్ 14

నలుపా, పసుపా.

నలుపు మురికి కనపడనివ్వదు. మనిషినీ కనపడనివ్వదు. ఆ మెరిసే నిమ్మపండు పసుపు పగలూ, మబ్బులోనూ, సంజెవేళా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రి దాని పప్పులుడకవు. దాని మెరుపుకి సూర్యుడి అతినీలలోహిత కిరణాలు కావాలి. రాత్రి పనిచేసేది వెండి రంగు పట్టీ. దానికి ఎదుటివాడి హెడ్‌లైటు కావాలి. ఎదుటివాడికి హెడ్‌లైటు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆవిడ ఓటు పసుపుకి. "కనీసం తొందరగా దొరుకుతారు."

సెప్టెంబర్ 21

ఉక్క. జల్లెడ జాకెట్ల గురించి.

చర్మం 35 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకూ జల్లెడ హాయి. మే నెల కొత్తగూడెంలో 44 ఉన్నప్పుడు ఎనభై కిలోమీటర్ల వేగంతో ఒంటికి తగిలే గాలి చల్లబరచదు, కాలుస్తుంది. అప్పుడు కిటికీలన్నీ మూసి, లోపల తడి బనీను వేసుకుని, ఒక్క సందు తెరిచి ఉంచితే మేలు. తడి ఆరుతున్నంతసేపు చలవ.

ఈ సంగతి మెడలో తడి తువ్వాలు వేసుకుని మోపెడ్ నడిపే ప్రతి రైతుకీ తెలుసు. తువ్వాలుకి లేబుల్ లేదు.

సెప్టెంబర్ 28

కొన్నా. వేరే షాపులో, దసరా డిస్కౌంట్లో. నాలుగు సీజన్లదే, కానీ డబుల్ ఏ. భుజాలకీ మోచేతులకీ లెవెల్ 2. వీపుకి విడిగా ఇంకో లెవెల్ 2, ఆకారం తాబేలు డిప్ప. లోపలి వాన పొర ఇంట్లోనే. వానకి పైన వేసుకునేది రాణిగంజ్ కోటు, ఒక సైజు పెద్దది మార్పించి. చేతులకి గ్లవ్స్ రెండు జతలు, పల్చటివి ఒకటి, మందంవి ఒకటి. బూట్లు చీలమండ దాటి.

నలుపు. పసుపు నా సైజులో లేదు.

రెయిన్‌కోటు ఎలాగూ పసుపే అన్నా.

"వాన పడినప్పుడే దొరుకుతారన్నమాట" అంది.

నవంబర్ 14, ఖమ్మం దాటాక

తెల్లవారకముందే బయల్దేరా. చౌటుప్పల్ దాకా చలి. చలి పొర లోపల. సూర్యాపేటలో ఇడ్లీ. ఎండ ఎక్కింది. హోటల్ బల్ల దగ్గరే విప్పడం మొదలుపెట్టా. గ్లవ్స్. మెడకి చుట్టింది. జాకెట్. జాకెట్‌లోంచి చలి పొర. సర్వర్ సాంబారు బకెట్‌తో నిలబడిపోయాడు.

"ఇంకా ఉన్నాయా సార్?"

ఖమ్మం దాటాక గాలిలో చిన్న జల్లు. పసుపు కోటు వేసుకున్నా. పావుగంటకి ఆగిపోయింది. తీయడానికి బద్ధకం. రోడ్డుకి రెండు వైపులా మిర్చి తోటలు. మొక్కల మధ్య కర్రలకి పసుపు అట్టలు, జిగురు పూసినవి. తెల్లదోమ ఆ రంగుకి వచ్చి అంటుకుంటుంది. సత్తుపల్లిలో దిగి చూసుకున్నా. నా ఛాతీ మీద కూడా బాగానే పడింది, జిగురు లేకుండానే.

అదే రోజు, రాజమండ్రి

అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల మధ్య ఉక్కపోత. జంగారెడ్డిగూడెం దాటాక నిజం వాన. దేవరపల్లి దగ్గర ఎండ. కోటు వేయడం, తీయడం. ఒక చోట కోటు తీయగానే చినుకులు పడ్డాయి. తిరిగి వేయగానే ఆగాయి. టీ కొట్టు ముసలాయన చూస్తున్నాడు. "వేసుకునే ఉండు బాబూ. మా చేలు పూత మీదున్నాయి."

లాడ్జి కౌంటర్లో కుర్రాడు పైనుంచి కిందకి చూశాడు. "ఫైర్ సర్వీసా సార్?"

కోటు లోపల చొక్కా తడి. వాన కాదు. గోదావరి గట్టు గాలికీ, ఫ్యాన్ దగ్గరా ఆరలేదు.

నవంబర్ 15, మారేడుమిల్లి

రంపచోడవరం నుంచే ముసురు. ఘాట్‌లో మబ్బు రోడ్డు మీద కూర్చుంది. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి. కొంచెం తెరిస్తే వాన లోపలికి. మూస్తే ఊపిరి లోపలే. నిన్న రాత్రి లాడ్జి బాత్రూములో గిన్నెల సబ్బు పల్చగా రాసి, ఆరనిచ్చి, తుడిచా. గంటన్నర పనిచేసింది. తర్వాత నిమ్మకాయ వాసన మిగిలింది.

టీ దగ్గర విశాఖ నుంచి వచ్చిన రైడర్లు. వాదన జరుగుతోంది. గ్లవ్ చివర స్లీవ్ పైన ఉండాలా, లోపల ఉండాలా? పైన ఉంటే చెయ్యి మీంచి జారే నీళ్లు గ్లవ్‌లోకి. లోపల ఉంటే ఎదురువాన స్లీవ్‌లోకి. హ్యాండిల్ ఎత్తుని బట్టి అన్నాడొకడు. గాలి అద్దాన్ని బట్టి అన్నాడు ఇంకొకడు. నాతో "మీదెలా అంకుల్?" అన్నారు.

ఒకటి పైన, ఒకటి లోపల. చూపించా. రెండు చేతులూ తడి.

నవంబర్ 16, డొంకరాయి దాటాక

మలుపులో కంకర. ముందు వెళ్తున్న కాలేజీ కుర్రాడు జారాడు. వేగం ఇరవై, ముప్ఫై అంతే. నిక్కరు, చెప్పులు. మోకాలు గీసుకుపోయింది, అరచెయ్యి కూడా. కంకర పొడి చర్మంలో కూరుకుంది. బాటిల్ నీళ్లు పోసి కడిగాం. నా దగ్గరున్న దూది సరిపోలేదు. ఎవరో బండి డిక్కీలోంచి పసుపు పొట్లం తీశారు, పూజ సామాన్లలోది. కుర్రాడు అరిచాడు.

మోచేతికి మాత్రం ఏమీ కాలేదు. హెల్మెట్ అక్కడ తగిలించుకున్నాడు.

అదే రోజు, సీలేరు ఇవతల

చెక్‌పోస్టు. గంజాయి తనిఖీ. బ్యాగులు విప్పించారు. కానిస్టేబుల్ నా వీపు మీద తట్టాడు. ఆగాడు. మళ్లీ తట్టాడు. డొల్లగా చప్పుడు.

"ఏంటిది?"

ప్యాడ్ అన్నా.

"తియ్యండి."

జాకెట్ విప్పి, లోపలి జేబు తెరిచి, డిప్ప బయటికి లాగా. నల్లగా, చిల్లులు చిల్లులుగా, జానెడు వెడల్పు, మూరెడు పొడవు. వాసన చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. వాడూ వాసన చూశాడు. ఎస్సై వచ్చాడు. వంచి చూశాడు. గోడకేసి కొట్టి చూశాడు. మోచేతి ప్యాడ్లు, భుజం ప్యాడ్లు కూడా తీయించాడు. అయిదు ముక్కలూ బల్ల మీద వరసగా.

"ఎంత పడింది?"

చెప్పా.

ముగ్గురూ బల్ల వైపు ఇంకోసారి చూశారు, ఈసారి మర్యాదగా.

"పడితే ఏం కాదా?"

దెబ్బ తగ్గుతుందన్నా. ఎంతకి తగ్గుతుందన్నాడు. తొమ్మిది కిలోన్యూటన్లకి అన్నా. రిజిస్టర్లో రాసుకున్నారు. తలకిందులుగా చదివా. 'వీపు చెక్క 1, చిన్నవి 4. అనుమానాస్పదం కాదు.'

ప్యాడ్లు మళ్లీ ఎక్కించడానికి అరగంట. కుడి భుజంది ఎడమకి వెళ్లింది. సీలేరు దాకా ఒక భుజం ఎత్తుగా.

నవంబర్ 17, చింతపల్లి

మెడికల్ షాపు. సర్జికల్ గ్లవ్స్ కావాలన్నా. మందం గ్లవ్స్ లోపల వేసుకుంటే తడి, గాలి రెండూ ఆపుతాయి. సాక్సుల మీద కూరగాయల కవర్లు, అదీ అంతే.

"ఏ సైజు డాక్టర్ గారూ?"

సరిదిద్దలేదు. పది రూపాయలు తగ్గించాడు.

నవంబర్ 18, లంబసింగి

తెల్లవారుజాము. కొట్టు గోడ మీది థర్మామీటర్ పది దగ్గరుంది. పది డిగ్రీల్లో గంటకి ఎనభై వేగంతో వెళ్తే ఒంటికి నాలుగు డిగ్రీల చలి అనిపిస్తుందని లెక్క. ఇక్కడ ఎనభై ఎవడూ వెళ్లడు. మబ్బులో ఇరవై. అయినా చేతివేళ్లకి ఆ లెక్క తెలియదు.

వీపు డిప్ప రాత్రి చలికి గట్టిపడింది. ఇలాంటి సరుకు వెచ్చగా ఉంటే మెత్తన, చల్లబడితే బిగుసు. అందుకే కొన్ని ప్యాడ్ల మీద విడిగా గుర్తులుంటాయి, టి ప్లస్ అని, టి మైనస్ అని. నలభైలో పరీక్షించారా, మైనస్ పదిలో పరీక్షించారా అని. నాదాని మీద ప్లస్ మాత్రమే ఉంది. ఒంటి వేడికి మెత్తబడేదాకా నిటారుగా కూర్చుని టీ తాగా. ఎవరో ఆర్మీ ఆఫీసరనుకున్నారు.

నర్సీపట్నం నుంచి పేపర్లు తెచ్చే కుర్రాడు మోపెడ్ మీద వచ్చాడు. స్వెట్టర్ లేదు. మఫ్లర్, చొక్కా. చొక్కా లోపల పేపరు, మడతలు విప్పకుండా, ఛాతీకి అడ్డంగా. గాలి దూరదు. కట్ట అంతా పంచాడు. నాకూ ఒకటి కావాలన్నా. కట్ట అయిపోయింది. గుండీ విప్పి ఛాతీ మీది కాపీ తీసి ఇచ్చాడు.

వెచ్చగా ఉంది. జిల్లా ఎడిషన్. వాతావరణం: పొడిగా ఉంటుంది.

మరి నీకెలా అన్నా.

"దిగేటప్పుడు అక్కర్లేదు సార్. కింద ఎండే."

నవంబర్ 18, నర్సీపట్నం

కింద ఎండే. కవర్లు, సర్జికల్ గ్లవ్స్, చలి పొర, మెడకి చుట్టింది, అన్నీ బస్టాండు పక్కన విప్పా. సర్జికల్ గ్లవ్ ఊడదీస్తే వేళ్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. పక్కన బఠాణీల బండి అమ్మాయి చూసి, "నానబెట్టారేటి?" అంది.

నవంబర్ 23

ఉతుకుడు. లేబుల్ మీద బొమ్మలు: చల్లటి నీళ్లు, పిండకూడదు, ఇస్త్రీ వద్దు. బట్టలు మెత్తబడే ఆ నీలం ద్రవం అసలు వద్దు. పైగుడ్డ మీద నీటి బొట్లు గుండ్రంగా నిలబడి జారిపోవడానికి ఒక పూత ఉంటుంది. ఆ ద్రవం పడితే బొట్టు నిలవదు, ఇంకిపోతుంది.

ప్యాడ్లు తీసి బాల్కనీ గోడ మీద ఆరేశా. పనమ్మాయి మధ్యాహ్నం లోపలికి తెచ్చింది. వీపు డిప్ప వంటింట్లో గ్యాస్ సిలిండర్ కింద ఉంది. గచ్చు గీతలు పడకుండా.

నవంబర్ 30

మోచేతి దగ్గర గుడ్డ మీద సన్నటి గీత. డొంకరాయి మలుపులో కుర్రాణ్ని లేపుతూ నేనూ కంకర మీద మోచెయ్యి ఆనించినట్టున్నా. గీత లోపలి పొర దాకా వెళ్లలేదు. ఆవిడ వేలితో రాసి చూసింది. ఇంకోసారి రాసింది.

"వీపు దానికి ప్లస్సూ మైనస్సూ రెండూ ఉన్నది దొరకదా?"

డిసెంబర్ 7

పంపకాలు అయ్యాయి. లోపలి వాన పొర వాషింగ్ మెషిన్ మీద కప్పారు. బాల్కనీ జల్లు పడటం లేదట. మందం గ్లవ్స్ వాచ్‌మన్ అడిగాడు, రాత్రి డ్యూటీకి. గ్యాస్ సిలిండర్ కిందది వెనక్కి వచ్చింది, దాని స్థానంలో తోలు జాకెట్ స్లీవ్ ఒకటి వెళ్లింది. చలి పొర అత్తగారికి. తేలిక, వెచ్చన. వచ్చే వారం కాశీ వెళ్తున్నారు.

సాయంత్రం ఫోన్.

"బాగుంది బాబూ, సరిగ్గా సరిపోయింది. మరి ముందు ఈ జిప్పు పడటం లేదేమిటి? సగమే ఉంది. మిగతా సగం ఎక్కడుంది?"

నా దగ్గరుందండీ అన్నా. టైలర్ దగ్గరికి పంపిస్తే గుండీలు కుట్టాడు. అయిదు, పెద్దవి. అరవై రూపాయలు.